తేదీ గారి నలభయ్యో పుట్టినరోజు

"ఆ మందు పంపు ఆన్ చేసినప్పుడు దాని తెర మీద ఏం పడిందో చెప్పండి చాలు, సిస్టరమ్మా."

"ఏదో తేదీ పడింది పెద్దాయనా. పడింది, పోయింది."

"ఏదో తేదీ! ఏదో తేదీ అని లోకంలో ఒక తేదీ ఉంటుందా? నెల, రోజు, గంట, నిమిషం, సెకను, అన్నీ పడతాయి. పూర్తిగా రెండు సెకన్లు ఉంటాయి. ఒక్కసారి ఆపి మళ్ళీ ఆన్ చెయ్యండి, నేనిక్కణ్ణుంచే చదువుకుంటాను."

"ఆపితే మూడో మంచం మామ్మ ఆగిపోతుంది."

"అయ్యయ్యో, మామ్మని ఆపకండి. పంపుని మార్చండి. ఆవిడకి వేరేది పెట్టి, దీన్ని ఇలా తెండి."

"బాగా నడుస్తున్నదాన్ని ఎందుకు మారుస్తాను? మీకేమన్నా చుట్టమా ఆ పంపు?"

"చుట్టమే. పుట్టినప్పుడు పక్కనున్నాను."

పెద్ద నర్సు ఆయన మంచం కాళ్ళవైపు తగిలించిన కాగితం తీసి, నిలబడే ఏదో రాసి, మళ్ళీ తగిలించింది.

"ఏం రాశారు?"

"అయోమయంగా మాట్లాడుతున్నారని."

"పక్కన టైము వేశారా?"

వార్డు గుమ్మంలో నిలబడి ఇదంతా వింటున్న అలారం అమ్మాయికి మామూలు రోజైతే నవ్వొచ్చేది. ఇవాళ రాలేదు. భుజాన ల్యాప్‌టాప్ సంచీ, అందులో జానెడు తీగ. రెండూ పట్టుకు రమ్మని కబురు పంపింది మంచం మీదున్న తేదీ గారే. ఆ వార్డులోకి రోగికి ఒక్కరే రావాలి, సాయంత్రం ఐదింటికి, పది నిమిషాలు. రేపు పొద్దున ఆయనకి ఆపరేషను. గుండెలో రెండు కవాటాలు మార్చాలి. బతికే అవకాశం సగానికి సగం అన్నారు డాక్టర్లు. అలాంటి పది నిమిషాలు కన్నకూతురికి కాకుండా, ఆఫీసులో అలారాలు రాసే పిల్లకి ఎందుకిచ్చారో ఆ కూతురికి అర్థం కాలేదు. "మా నాన్న సంగతి తెలుసుగా. ఏదో టైము అడుగుతారు, చెప్పేసి రండి," అని కళ్ళు తుడుచుకుంటూ కాగితాల మీద సంతకాలకి కిందికి వెళ్ళింది.

అలారం అమ్మాయికి మాత్రం ఎందుకో అర్థమైనట్టే అనిపించింది. అందుకే గుమ్మం దాటలేదు.

గుండెది కాక తేదీ గారికున్న జబ్బు ఒక్కటే. ఎదురుపడగానే కొందరు బాగున్నారా అంటారు, కొందరు భోంచేశారా అంటారు. ఆయన మాత్రం మనిషి కనబడినా మరమేకు కనబడినా ఒకటే అడుగుతారు: "ఎప్పుడు తయారైంది?" రోజు చెబితే గంట అడుగుతారు. గంట చెబితే నిమిషం. బయటివాళ్ళలో నిమిషం దాకా చెప్పిన మహానుభావుడు ఒక్కడంటే ఒక్కడు దొరికాడట, వాడు కూడా సెకన్ల దగ్గర చేతులెత్తేశాడు. అసలు పేరు జీతం కాగితం మీద ఉండే ఉంటుంది. పాతికేళ్ళుగా ఆఫీసులో ఎవరూ దాన్ని వాడి ఎరగరు.

ఇంట్లో గొడుగు కర్ర మీద, చెప్పుల అడుగున, దువ్వెన వెనక, ఆ వస్తువు గడప దాటి లోపలికొచ్చిన తేదీ, టైము నల్లసిరాతో రాసి ఉండేవి. సబ్బు మీద గుండుసూదితో చెక్కేవారు. రెండు స్నానాలకి అరిగిపోతే మళ్ళీ చెక్కేవారు, అదీ పాత టైమే. కొత్త టైము వేస్తే సబ్బుని మోసం చేసినట్టేనట.

కూతురు పుట్టినప్పుడు కాన్పుగది తలుపు తీసిన నర్సుని, ఆడపిల్లా మగపిల్లాడా అని కాదు, "ఎన్నింటికి?" అని అడిగారు.

"ఇప్పుడే, ఓ పది నిమిషాలైంది."

"ఓ పది అంటే?"

"తొమ్మిదో పదకొండో."

"ఆ మధ్యలో నూట ఇరవై సెకన్లున్నాయమ్మా!"

లోపల్నుంచి భార్య కేకేసింది: "ఏడూ నలభై ఒకటి! సెకన్లు చూళ్ళేదు, నేను వేరే పనిలో ఉన్నాను!"

ఆవిడ అంత మనిషి. పెళ్ళయిన కొత్తలో ఆయన రాసిన ఉత్తరాలకి పైన తేదీ, టైము సెకన్లతో సహా ఉండేవి, కింద సంతకం ఉండేది కాదు. "ఎవరు రాశారో నాకెలా తెలుస్తుంది?" అని ఆవిడ అడిగితే, "ఆ టైముకి నీ గురించి ఆలోచించేవాళ్ళు నేను కాక ఇంకెవరుంటారు?" అన్నారట. "ఏమో, ఇంకో ఇద్దరుండేవాళ్ళే," అందట ఆవిడ. ఏటా ఆఫీసు విందులో ఈ కథ ఆవిడ చెప్పాల్సిందే, అందరూ మొదటిసారి విన్నట్టు నవ్వాల్సిందే. పోయిన నవంబరులో ఆవిడ పోయింది. విందు జరిగింది గానీ కథ చెప్పేవాళ్ళు లేరు.

ఆ ఆఫీసులో తయారయ్యేవి మందు పంపులు. రోగి పక్కన కూర్చుని, సిరంజిలోని మందుని చుక్కచుక్కగా నరంలోకి నెట్టే చిన్న పెట్టెలు. ఆ పెట్టెకి బుద్ధి చెప్పే ప్రోగ్రాము సి భాషలో ఉంటుంది. ఆ భాషలో ఎవరూ పుట్టించకుండానే ముందే ఉన్న మాటలు కొన్ని ఉన్నాయి. వాటిలో రెండు తేదీ గారి ప్రాణం: __DATE__, __TIME__. ముందు రెండు గీతలు, వెనక రెండు గీతలు, పల్లకీ మోసే బోయీల్లా. మనం రాసింది యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలరు, ఈ మాటలు కనబడిన చోట తాను పనిచేస్తున్న ఆ క్షణాన్ని తీసుకుని రాతిమీద చెక్కినట్టు చెక్కేస్తుంది. తరవాత ఆ పంపు ఎన్నేళ్ళు బతికినా, ఎన్నిసార్లు ఆపి ఆన్ చేసినా, తెర మీద మొదట ఆ క్షణమే పడుతుంది. ఒంటి అంకె తేదీ అయితే ముందు సున్నా పెట్టదు, ఒక ఖాళీ వదులుతుంది. "చూశావా మర్యాద! రాని అంకెకి కూడా పీట వేసి ఉంచింది," అని తేదీ గారు మురిసిపోయేవారు. ఆయన చేతిరాతలో కూడా ఒంటి అంకెల ముందు పీట ఉంటుంది.

ఒకసారి బయటినుంచి తనిఖీకి ఒక కుర్రాయన వచ్చాడు. ఒకే ప్రోగ్రాముని రెండుసార్లు కంపైల్ చేస్తే రెండూ అచ్చం ఒకేలా రావాలనీ, ఈ టైము వల్ల తేడా వస్తోందనీ, తీసెయ్యమనీ అన్నాడు.

"కవలపిల్లలు ఒకేలా ఉంటారని ఇద్దరికీ ఒకే టైము రాస్తామా?" అన్నారు తేదీ గారు.

"అది యంత్రం సార్."

"అందుకే బాబూ. మనిషైతే ఎప్పుడు పుట్టాడో తల్లి గుర్తుపెట్టుకుంటుంది."

కుర్రాయన నివేదికలో ఏం రాయాలో తోచక ఆ మాటే రాసుకుపోయాడు.

ఇంతకన్నా పెద్ద వింత ఖాళీల ఫైలు. మొత్తం ప్రోగ్రాము మొదటినుంచి కంపైల్ చెయ్యాలంటే ఆ పాత కంప్యూటరుకి గంటన్నర పట్టేది. అందుకని మారిన ఫైళ్ళనే కంపైల్ చేసి, మారనివాటిని పాతవే తెచ్చి అతికించే పద్ధతి పెట్టుకున్నారు. తేదీ, టైము చెక్కే రెండు మాటలూ వేరే ఒక బుల్లి ఫైల్లో ఉండేవి. ప్రతిసారీ పని మొదలుపెట్టేముందు తేదీ గారు ఆ ఫైలు తెరిచి, చివర ఒక్క ఖాళీ కొట్టి, మూసేవారు. పదేళ్ళలో దాని వెనక కొన్ని వేల ఖాళీలు చేరాయి. ఎందుకండీ అంటే చెప్పేవారు. కానీ సబ్బు దగ్గర మొదలుపెట్టి కాన్పుగది మీదుగా చెప్పేవారు; అసలు సంగతి వచ్చేసరికి వినేవాళ్ళు కాఫీకి లేచిపోయేవాళ్ళు. చివరికి ఆఫీసంతా దాన్ని దిష్టి తీయడం కింద జమకట్టింది.

అలారం అమ్మాయి కూడా అలాగే అనుకుంది. ఆమె ఏ కాలేజీలోనూ ఈ పని నేర్చుకోలేదు. పుస్తకాలు ముందేసుకుని, తప్పులు చేసి దిద్దుకుని నేర్చుకుంది. తేదీ గారు చెప్పేది చివరిదాకా కూర్చుని వినేది ఆఫీసులో ఆమె ఒక్కతే. అయినా ఖాళీల పాఠానికి మాత్రం సబ్బు దాటి పోలేకపోయింది.

పంపు నుంచి రోగికి వెళ్ళే గొట్టం మడతపడి మందు ఆగిపోతే పంపు అరవాలి. మొదట్లో ఐదు సెకన్లకే అరిచేది. రోగి చెయ్యి కదిపినా అరిచేది, నర్సులు గోల పెట్టారు. ముప్పై సెకన్లు ఆగి అరిచేలా మార్చే పని ఈమెకిచ్చారు. నవంబరు తొమ్మిది. ఆ రోజు ఆఫీసులో ఆమె, ప్యాకింగువాళ్ళు తప్ప ఎవరూ లేరు, మిగతా అందరూ తేదీ గారి భార్య అంత్యక్రియలకి వెళ్ళారు. నలభై పంపులు మధ్యాహ్నం బండికి ఎక్కాలి. ఆమె ముప్పై అని రాసింది, కంపైల్ చేసింది, గొట్టం మడిచి పట్టుకుంది. ఐదు సెకన్లకి అరవలేదు. పదికీ అరవలేదు. బండివాడు హారన్ కొడుతున్నాడు. బాగానే ఉందనుకుని గొట్టం వదిలేసింది. ఫైలు చివర ఖాళీ కొట్టలేదు. చావింట్లో ఉన్న మనిషి తీసే దిష్టి తనెందుకు తీయాలి?

వారం తరవాత ఆ వరస మళ్ళీ చదివితే అసలు సంగతి తెలిసింది. ఆ చోట ఆ అంకె సెకన్లు కాదు, నిమిషాలు; పాత ఐదు సెకన్లు నిమిషంలో పన్నెండో వంతుగా రాసి ఉండేవి, తను వట్టి ముప్పై రాసింది. మందు ఆగిపోయిన రోగి పక్కన ఆ పంపు అరగంట నోరు మూసుకుని కూర్చుంటుంది.

తప్పు దిద్ది, ప్యాకింగు గదికి పరిగెత్తింది. బండికి ఎక్కించేముందు ప్రతి పంపునీ ఆన్ చేసి తెర మీది టైము రాసుకునే పుస్తకం అక్కడుంటుంది. నలభైకి నలభై ఒకే టైము: నవంబరు 6, 14:52:09. అంటే తేదీ గారు ఇంటికి వెళ్ళకముందు చేసిన మంచి ప్రోగ్రాము. తనది అసలు ఎక్కనే లేదు, ప్యాకింగువాళ్ళు పాతదే ఎక్కించినట్టున్నారు. గండం గడిచిందనుకుంది. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికేముంది?

ఆ తరవాతే తేదీ గారి పిచ్చి ముదిరింది. భార్య పోయిన దుఃఖం అన్నారంతా. వారానికో రోజు సెలవు పెట్టి, ఆసుపత్రుల చుట్టూ తిరిగేవారు. ఎందుకండీ అంటే "పుట్టినరోజు" అనేవారు. పంపులకి! అవి పసివి కాబట్టి నెలనెలా చెయ్యాలట. కాపలావాళ్ళు గేటు దగ్గరే నవ్వి లోపలికి పంపేవారట. "ఈ నెల ఎన్ని కొవ్వొత్తులు మాస్టారూ?" అని ఆఫీసులో ఆటపట్టించేవాళ్ళు. ఏదో విషయంలో డైరెక్టరుకి కోపమొచ్చి, ఆయన బల్లని కిటికీ లేని సామాన్ల గదిలోకి మార్పించాడు. తేదీ గారు వెళ్ళి, ఆ గది గోడ మీద తాను అడుగుపెట్టిన టైము రాసుకుని కూర్చున్నారు.

నిన్న సాయంత్రం అలారం అమ్మాయి వేరే ఏదో ఫైలు మార్చి కంపైల్ చేసింది. పంపులో ఎక్కించి ఆన్ చేసింది. తెర మీద తేదీ గారు ఆసుపత్రిలో చేరకముందు టైమే పడింది. మళ్ళీ చేసింది. మళ్ళీ పాతదే. బుల్లి ఫైలు తెరిచి చూసింది. టైము చెక్కేది ఆ బుల్లి ఫైలు కంపైల్ అయినప్పుడు మాత్రమే. దాన్ని ముట్టుకోకపోతే కంపైలరు దాని జోలికి పోదు, పాత టైముతోనే తెచ్చి అతికిస్తుంది. లోపల బుద్ధి కొత్తది, నుదుట రాత పాతది. ఆ నలభై పంపుల్లో ఉన్నది తన ముప్పై. ఎనిమిది నెలలుగా.

"గుమ్మం దగ్గరే నిలబడ్డావేం? రెండు నిమిషాలు పోయాయి," అన్నారు తేదీ గారు. మెడ కింద ఒక గొట్టం, ముక్కులో ఒకటి, చేతికి ఒకటి. మనిషి సగమయ్యారు. కళ్ళు మాత్రం అద్దాల గోడ అవతలున్న మూడో మంచం మీదే ఉన్నాయి.

"మాస్టారూ, మీకొక మాట చెప్పాలి. నవంబరు తొమ్మిదిన మీరు లేని రోజు..."

"ఎప్పుడు కనుక్కున్నావ్?"

ఆమె సంచీ కింద పెట్టింది. "నిన్న."

"నిన్న ఎన్నింటికి?"

"నాలుగూ పద్దెనిమిదికి."

"సెకన్లు?"

"ఇరవై రెండు."

తేదీ గారి మొహం వెలిగిపోయింది. "పాతికేళ్ళలో ఒక్కరు! ఒక్కరికైనా అంటింది!" అని నవ్వబోతే దగ్గొచ్చింది. పక్కనున్న యంత్రం కుయ్యిమంది. పెద్ద నర్సు అవతల్నుంచి తల తిప్పి చూసింది. ఆయన ఏమీ లేదన్నట్టు చెయ్యి ఊపారు.

"మీకు ముందే తెలుసా?"

"ప్యాకింగువాళ్ళ పుస్తకం నాకు పొద్దుటి పేపరు లాంటిదని నీకు తెలుసుగా. ఆవిడ దినాలు అయ్యాక వచ్చి చూశాను. మూడు వందల పన్నెండో పంపు దాకా 14:52:09. బాగానే ఉంది. మూడు వందల పదమూడు నుంచి మూడు వందల యాభై రెండు దాకా మళ్ళీ 14:52:09. ఎక్కడన్నా ఉంటుందా? మధ్యలో ప్రోగ్రాము మారిందని పని చీటీలో ఉంది. మారిన మనిషి పాత టైముకి ఎలా పుడతాడు? ఆ నలభైలో ఒకటి ఉన్న ఆసుపత్రికి వెళ్ళి, విప్పించి లోపల చూశాను. ముప్పై కనబడింది."

"నాకెందుకు చెప్పలేదు మాస్టారూ?"

ఆయన దిండు కింద చెయ్యి పెట్టి, అట్ట ఊడిన నోటుపుస్తకం లాగారు. అందులో మడత పెట్టిన కాగితం ఒకటి. డైరెక్టరుకి రాసిన ఉత్తరం నకలు. నలభై పంపుల్లో అలారం అరగంట ఆలస్యమనీ, అన్నిటినీ వెనక్కి తెప్పించాలనీ, ఆ ప్రోగ్రాము ' 9 నవంబరు, 11:20' కి తన చేతి మీదుగా వెళ్ళిందనీ ఉంది. తొమ్మిది ముందు పీట వేసి ఉంది. కింద సంతకం లేదు.

"పదకొండూ ఇరవైకి మీరు శ్మశానంలో ఉన్నారు కదా!"

"ఉన్నాను. డైరెక్టరు కూడా నా పక్కనే ఉన్నాడు, పూలు పట్టుకుని. అయినా ఆ అబద్ధం ఆయనకి కనబడలేదు. తెర మీద పాత టైమే ఉంది కాబట్టి లోపల పాత ప్రోగ్రామే అన్నాడు. కాగితాల ప్రకారం అంతా సవ్యంగా ఉంది, ఆసుపత్రులని బెదరగొట్టకు అన్నాడు. మళ్ళీ వెళ్ళాను. సామాన్ల గది ఇచ్చాడు."

నోటుపుస్తకంలో నలభై వరసలు. ఒక్కో వరసలో పంపు నంబరు, ఆసుపత్రి, దాన్ని దిద్దిన తేదీ, టైము. ముప్పైతొమ్మిది వరసలు నిండి ఉన్నాయి. అలారం అమ్మాయి వేలితో తేదీలు తడుముకుంటూ పోయింది. అన్నీ ఆయన సెలవు పెట్టిన రోజులే.

"పుట్టినరోజులు..."

"పంపులో తప్పుంది, విప్పాలి అంటే గేటు దగ్గర కంపెనీ కాగితం అడుగుతారు. అది డైరెక్టరు ఇవ్వడు. పుట్టినరోజంటే ఎవరైనా నవ్వి తలుపు తీస్తారు. లోపలికెళ్ళాక పంపులు చూసుకునే టెక్నీషియన్ని పక్కకి పిలిచి, ఉన్నది ఉన్నట్టు చెప్పేవాణ్ణి. ఒక్కడు కూడా కాదనలేదు. ఒకాయనైతే నిజంగానే కొవ్వొత్తి వెలిగించాడు. ప్రాణవాయువు గొట్టాల పక్కన! నేనే ఊదేశాను."

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు నిండాయి. "ఎవరికన్నా ఏమన్నా అయిందా మాస్టారూ? ఈ ఎనిమిది నెలల్లో?"

ఆయన నోటుపుస్తకం తీసుకుని మూశారు.

"అడిగిన ప్రతిచోటా లేదన్నారు. నాకు తెలిసినంతవరకు లేదు. తెలియనిది ఎంతుందో నాకూ తెలియదు. నిన్న ఈ వేళకి ఆ మూడో మంచం మీద వేరే ఆయన ఉన్నాడు. పొద్దునకి లేడు. ఊపిరితిత్తులట. పంపు వల్ల కాదని డాక్టరు మూడుసార్లు చెప్పాడు. నాకింకోసారి అడగాలని ఉంది." చేతి మీది గొట్టం సర్దుకున్నారు. "అది మొయ్యాల్సిందే అమ్మాయ్. బరువు తగ్గదు, అలవాటవుతుంది. ఇదివరకు మన ఫైళ్ళ నెత్తిన రాసినవాడి పేరుండేది, తెలుసా?"

"తెలీదు."

"ఒక పంపు తప్పు చేసింది. ఒక పెద్దాయన పోయాడు. ఫైలు నెత్తిన నా స్నేహితుడి పేరుంది. లోపల తప్పు వరస నాది. వాణ్ణి ఆ రోజే గెంటేశారు. నేను మూడు రోజులు నోరు విప్పలేదు. నాలుగో రోజు విప్పాను, అప్పటికి వాడు ఊళ్ళో లేడు. ఎక్కడున్నాడో ఇప్పటికీ తెలియదు. ఆ వారమే పేర్లన్నీ చెరిపేసి టైము పెట్టాను. పేరు కనబడితే జనం మనిషిని వెతుక్కుంటారు. టైము కనబడితే ఆ టైముకి ఏం జరిగిందో వెతకాలి. కొంచెం ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యంలో నాలాంటి పిరికివాడికి నోరు పెగులుతుందని నా ఆశ. మూడు రోజులు నోరు మూసుకున్నవాణ్ణి, కనుక్కున్న మర్నాడే వచ్చిన నిన్ను ఏమంటాను?"

గోడ గడియారం ఐదూ ఏడు చూపిస్తోంది. ఆమె మూడో మంచం వైపు చూసింది. తెల్లని జుట్టు, దుప్పటి కింద పిడికెడు మనిషి. పక్కన తమ పంపు, ఆకుపచ్చ దీపంతో, ఏమీ ఎరగనట్టు.

"నలభయ్యోది అదేనా?"

"మూడు వందల ముప్పై ఒకటి. ఈ ఆసుపత్రికి మూడొచ్చాయి. రెండు దిద్దాను. మూడోది ఈ వార్డులో ఉందని తేలింది. ఇక్కడికి టెక్నీషియన్ కూడా పిలిస్తే తప్ప రాడు. రోగులూ, రోగుల చుట్టాలూ తప్ప ఎవరినీ రానివ్వరు."

అలారం అమ్మాయి ఆయన మొహం వైపు చూసింది. మెడకింది గొట్టం వైపు చూసింది. "మాస్టారూ... అందుకని ఇక్కడ చేరారా?"

"గుండె ఎలాగూ కోయించుకోవాల్సిందే. ఇంటి పక్కన ఆసుపత్రి కన్నా ఇది రెండు బస్సులు దూరం, అంతే. ఎక్కడ కోసినా లోపలుండేది అదే గుండె." గొంతు తగ్గించారు. "కానీ లెక్క తప్పాను. రెండు రోజులుగా ఆరు మంచాల పంపులకీ టైములు అడిగాను. ఐదు తేలాయి. ఆరోదానికొచ్చేసరికి సిస్టరమ్మకి విసుగొచ్చింది. నిన్న నిజం చెప్పాను, పంపులో తప్పుందని. ఏం చేసిందో తెలుసా? ఆ కాగితం మీద రాసుకుంది. పిచ్చివాడి వేషం ఎనిమిది నెలలు వేస్తే ఇదే చిక్కు. గేట్లన్నీ తెరుచుకుంటాయి, నోరు తెరిస్తే మాత్రం ఎవరూ వినరు. అందుకే నిన్ను పిలిచాను. నిన్ను చూస్తే బుద్ధిమంతురాలిలా కనబడతావు."

"ఆవిడకి నేను చెబుతాను. నేనే రాశానని చెబుతాను."

"పేరెందుకు? నవంబరు తొమ్మిది, పదకొండూ ఇరవై అని చెప్పు చాలు."

"రెండూ చెబుతాను మాస్టారూ. డైరెక్టరుకి కూడా. ఆ ఉత్తరంలో టైము సరిగ్గానే ఉంది. మనిషే తప్పు."

తేదీ గారు తల ఊపారు. తరవాత ఆ ఉత్తరం ఆమె చేతిలోనే ఉంచి, పిడికిలి మూశారు.

పెద్ద నర్సు వస్తోంది. "పది నిమిషాలైంది పెద్దాయనా."

"ఎనిమిది నిమిషాల నలభై సెకన్లు, సిస్టరమ్మా. మిగతా ఎనభై సెకన్లు ఈ అమ్మాయి మీతో మాట్లాడాలి. కాగితం తీయకండి, అయోమయం నాకొక్కడికే." ఆమె వైపు తిరిగారు. "విను. ముందు ఆవిడకి ఉన్నది ఉన్నట్టు చెప్పు. వేరే పంపు పెట్టి, మామ్మకి చుక్క కూడా ఆగకుండా మార్చమను. తరవాత దాని వెనక ఆసుపత్రి చీటీ ఊడదీసి, కింద మన నంబరు చూడు. నంబరు అదేనైతే..."

"ఫైలు చివర ఖాళీ కొడతాను."

"ఒక్కటి చాలు. నువ్వే కంపైల్ చెయ్యి. ముప్పైతొమ్మిదింటికీ నా టైములే పడ్డాయి, దీనికి నీది పడనీ. ఎక్కించాక గొట్టం మడిచి పట్టుకుని లెక్కపెట్టు. ఐదు కాదు, పది కాదు. ఎవడు హారన్ కొట్టినా వదలకు."

"ముప్పై."

"ముప్పైకి అరుస్తుంది. ఆ అరుపు నాకిక్కడికి వినబడాలి. ఇక వెళ్ళు."

ఆమె సంచీ భుజానికెత్తుకుని రెండడుగులు వేసింది. నర్సు చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడి ఉంది. వెనకనుంచి పిలుపు.

"అమ్మాయ్! ఆ అద్దం తలుపు తీసి ఉంచు. తెర మీద పడగానే గట్టిగా చదువు. సెకన్లు మింగెయ్యకు!"